కింద సంగతి చూసుకునే మనిషి

పోయిన వారం మన కోడల్ని పియానో ముందు కూర్చోబెట్టి, ఒళ్ళో మామగారి పాత నోటుబుక్కు పెట్టి, బుర్రలో ఓ పురుగు దూర్చి మన దారిన మనం పోయాం. పాపం, వారం నుంచీ అలాగే కూర్చుంది. కథలో అరగంటే అయిందనుకోండి, అయినా మనకీ కాస్త జాలి ఉండాలి కదా.

కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. మామగారు ముప్పై ఏళ్ళపైన ఒకే హోటల్లో సాయంత్రం పూట పియానో వాయించిన మనిషి. అక్కడ అందరూ ఆయన్ని మాస్టారనే అంటారు. ఏడు నెలల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి మాట వినడం మానేసింది. ఈ శనివారం హోటలువాళ్ళు ఆయనకి వీడ్కోలు చేస్తున్నారు. అక్కడ ఒక్క పాటైనా వాయించాలని ఆయన పట్టు. కుడి చెయ్యి తనది, ఎడమ చెయ్యి కోడలిది. కోడలు కళ్ళద్దాల షాపులో జనం కళ్ళు పరీక్ష చేసే మనిషి. మూడు నెలల క్రితం దాకా పియానో మీద దుమ్ము తుడవడమే తప్ప మెట్టు నొక్కి ఎరగదు. అలాంటిది పగలంతా షాపులో, సాయంత్రం మామగారి పక్కన కూర్చుని, జాజ్ కార్డులు నేర్చేసుకుంది. కార్డంటే పోస్టుకార్డు కాదు, రెండు మూడు మెట్లు ఒకేసారి నొక్కితే పలికే స్వరాల గుంపు.

నేర్చుకుంది సరే. నిన్న హోటల్ మేనేజరు ఇంటికొచ్చి విని మొహమాటంగా తల గోక్కున్నాడు. "మాస్టారూ, పైనంతా బంగారంలా ఉంది. కింద మాత్రం ఏమీ లేదు. నాలుగు కాళ్ళూ లేని బల్ల మీద భోజనం పెట్టినట్టుంది," అన్నాడు. కింద మోగే లావు స్వరాలు కూడా కోడల్నే వెయ్యమందాం అంటే మామగారు వద్దన్నారు. పోనీ ఆ కింద స్వరాల కోసం బాసు వాయించేవాళ్ళెవర్నైనా పిలుద్దాం అంటే, "అక్కర్లేదు, ఉంది కదా," అన్నారు. గదిలో ఉన్న మేనేజరూ, కొడుకూ, కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేనేజరు మంచివాడే. ఇవాళ కాక రేపు నాలుగింటికి హోటల్లో మళ్ళీ వింటానన్నాడు. అప్పటికీ కుదరకపోతే శనివారం మాస్టారు ముందు వరసలో కూర్చుంటారు, చేతికి ఓ పూలగుత్తి ఇస్తారు, పాట టేపులోంచి వస్తుంది.

ముందు వరసలో పూలగుత్తితో మామగారు! ఆ బొమ్మ కోడలు తల్చుకోలేకపోతోంది. దానికి తోడు ఇంకో భయం. ఆ జబ్బు చెయ్యితో ఆగలేదేమో, లేనిది ఉందనుకునేదాకా వెళ్ళిందేమో అని.

అందుకే ఇవాళ షాపుకి సగం రోజు సెలవు పెట్టి, మామగారు కొడుకుని వెంటబెట్టుకుని, చేతికి వ్యాయామం చేయించే డాక్టరు దగ్గరికి వెళ్ళిన టైములో, ఆయన నోటుబుక్కు మొత్తం తిరగేసింది. అట్ట లోపలి వైపు, మడత కింద, వెలిసిపోయిన సిరాతో మామగారి చేతిరాత కనబడింది.

"కింద సంగతి తను చూసుకుంటుంది. నేను నిశ్చింతగా ఎగరొచ్చు."

తను ఎవరు? అదీ పోయిన వారం మనం వదిలేసిన పురుగు.

కోడలు వంటింటి వైపు దొంగచూపు చూసింది. అత్తగారు బల్ల ముందు కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. ఇరవై ఆరేళ్ళు సిటీ బస్సు నడిపి రెండేళ్ళ క్రితం రిటైరైన మనిషి. ఆవిడ భుజాలూ గొంతూ ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. ఈ అట్ట వెనక మాట ఆవిడ కంట పడిందంటే, అరవై మూడేళ్ళ ముసలాయనకి, అసలే ఒంట్లో బాగోని మనిషికి, ఇంట్లో ఏం రాసిపెట్టి ఉందో! కోడలు నోటుబుక్కు మూసేసింది. మూసి, పాపం దాచేసినంత వేగంగా వాయించడం మొదలుపెట్టింది.

మామగారు నేర్పిన పద్ధతే విడ్డూరం. మొదటి నెలలోనే కోడలు అడిగింది: "దీన్ని జీ సెవెన్ అంటున్నారు కదా మామయ్యా, మరి ఇందులో జీ ఏది?" దానికాయన ఏమీ తడుముకోకుండా, "అది మనం వాయించం. అది ఉంటుంది," అన్నారు. ఆ జీ కోసం ఎడమవైపు చివర మెట్ల మీదికి చెయ్యి పోయిందా, కుడి చేత్తో చిన్నగా చరిచేవారు. "అక్కడ వెయ్యకు. ఆ చోటు మనది కాదు." జాజంటే ఇలాగే ఉంటుంది కాబోలనుకుంది పిచ్చిపిల్ల. పేరున్న స్వరాన్నే వదిలేసి మిగతావి వాయించడం కూడా ఓ విద్యేననుకుంది.

నాలుగు కార్డులు వాయించింది. ఎప్పటిలాగే గాల్లో తేలాయి. ఐదోది వాయించింది. అది నేల మీద నిలబడింది.

కోడలు ఉలిక్కిపడి చేతులు తీసేసింది. మళ్ళీ అదే వాయించింది. మళ్ళీ నిలబడింది. కాళ్ళు మొలిచినట్టు, నిండుగా, బరువుగా. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియడానికి ఓ క్షణం పట్టింది. వంటింట్లోంచి వచ్చింది. అత్తగారు బఠాణీలు ఒలుస్తూ గొంతులోనే ఏదో తీస్తున్నారు. నాలుగేళ్ళుగా కోడలు వింటున్న కూనిరాగమే. గిన్నెలు కడిగినా, బట్టలు మడతపెట్టినా ఆ గొంతు అలా లావుగా, కిందగా, ఓ చోటి నుంచి ఇంకో చోటికి అడుగులేస్తూ ఉంటుంది. అత్తయ్యకి పాట రాదు పాపం, అని లోలోపల నవ్వుకునేది కూడా. అది పాట కాదని, పాట కింద నడిచేదని ఇవాళ తెలిసింది.

నిజమో భ్రమో తేల్చుకోవాలి కదా. కోడలు చెప్పాపెట్టకుండా మూడో పేజీలోంచి తొమ్మిదో పేజీకి దూకింది. కూనిరాగం ఒక్క క్షణం తడబడి, దానితో పాటే దూకింది. అక్కణ్ణుంచి మొదటి పేజీకి. అదీ వచ్చింది. ఏ కార్డులో ఏ స్వరం లేదో సరిగ్గా ఆ స్వరమే, ఒక్కటి కూడా పొల్లు పోకుండా. బఠాణీలు మాత్రం టపటపా గిన్నెలో రాలుతూనే ఉన్నాయి.

కోడలు శనివారం పాట తీసింది. మామగారు ఈ నోటుబుక్కులో పాటలేవీ ఎన్నో ఏళ్ళుగా హోటల్లో వాయించడం లేదట. ఇప్పుడు పట్టుబట్టి తీసిన ఒక్కటీ ఇదే. పాట ముగియడానికి కాస్త ముందు ఓ చోట మామగారు జీ సెవెన్ అని రాసి, కొట్టేసి, పైన వేరే సిరాతో డి ఫ్లాట్ సెవెన్ అని రాసుకున్నారు. పక్కన ఓ నక్షత్రం. కింద గీసిన మెట్ల బొమ్మ మాత్రం మార్చలేదు. నొక్కాల్సిన మెట్లు రెండు, అప్పుడూ బి, ఎఫ్‌లే, ఇప్పుడూ అవే. ఇది పెద్దాయన పొరపాటని కోడలు మూడు నెలలుగా అనుకుంటోంది. ఆ చోటికి వచ్చి ఆ రెండు మెట్లూ నొక్కింది.

కూనిరాగం ఠక్కున ఆగిపోయింది. బఠాణీలు కూడా ఆగిపోయాయి.

"అత్తయ్యా, ఇక్కడెందుకు ఆపేశారు?"

"ఏం ఆపాను? కాయలయిపోయాయి."

కోడలు లేచి వెళ్ళి చూసింది. బుట్టలో సగం కాయలు అలాగే ఉన్నాయి. అత్తగారు వాటిని చూడకుండా కిటికీ వైపు చూస్తున్నారు. నోటుబుక్కు అట్ట తెరిచి కోడలు ఆవిడ ముందు పెట్టింది. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. రెండోసారీ చదివారు.

"తను అంటే మీరే!" కోడలికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "అమ్మయ్య! అరగంట నుంచీ నా ప్రాణం పోతోంది. ఎవరో అనుకున్నాను."

"ఎవరనుకున్నావేమిటి?"

"ఎవరో... అంటే... హోటల్లో..."

"ఆయనకా?" అత్తగారు కళ్ళజోడు మీంచి చూశారు. "ఒకే రంగు సాక్సులు రెండు వెతుక్కోలేని మనిషి, ఇంకో మనిషిని వెతుక్కున్నాడా? బాగుంది నీ వరస. అలా కూర్చో."

కోడలు కూర్చుంది.

"బాసు వాయించేదాన్ని," అన్నారు అత్తగారు, ఎప్పుడో చేసిన దొంగతనం ఒప్పుకున్నట్టు. "మనిషంత ఎత్తుంటుంది చూడు, నిలబెట్టి మీటుతారు, అది. ఆయనా నేనూ, ఇద్దరమే. రెండేళ్ళు వాయించాం. ఆ పుస్తకంలో పాటలన్నీ అప్పటివే."

"నాలుగేళ్ళయింది నేనీ ఇంటికొచ్చి. ఒక్కరూ చెప్పలేదు!"

"మీ ఆయనకే తెలీదు, నీకేం చెప్తాం? వాడు కడుపులో ఉండగా ఆపేశాను." ఆవిడ ఓ కాయ తీసుకుని, ఒలవకుండా వేళ్ళ మధ్య తిప్పారు. "ఆ రోజు హోటలంతా జనం. ఐదో నెల నాకు. పొట్ట అడ్డమొచ్చి బాసు ఒంటికి ఆనడం లేదు. అసలే భయంగా ఉంది. ఈ పాటలోనే, నువ్విప్పుడు వాయించావే, అక్కడే. రెండేళ్ళుగా వాయించినట్టే కింద జీ వాయించాను. వాయించగానే పంటి కింద రాయి పడ్డట్టు అంతా కరకరలాడిపోయింది. ముందు బల్ల దగ్గర ఒకాయన చెంచా కింద పెట్టి మరీ నావైపు చూశాడు. నేను ఈయన వైపు చూశాను. ఈయన నన్ను చూసి నవ్వారు."

"నవ్వారా?"

"పళ్ళన్నీ కనబడేలా. ఇంటికొస్తూ దార్లో చెప్పేశాను, ఇంక వాయించనని. ఎందుకన్నారు. ఎందుకని ఇంకోసారి అడిగితే పుట్టింటికి పోతానన్నాను." అత్తగారు నిట్టూర్చారు. "ఆయనతో వచ్చిన చిక్కే అది. అడగొద్దంటే నిజంగా అడగరు. ముప్పై ఒక్కేళ్ళయింది, అడగలేదు."

కోడలికి మామగారు "ఉంది కదా" అన్న మాట ఇప్పుడర్థమైంది. ఆయన బుర్రకేమీ కాలేదు. ఆ పాట ఎత్తితే చాలు, ఆయన చెవిలో కింద బాసు మోగుతూనే ఉంది. అందుకే ఆయనకి లోటు వినబడలేదు. ఆ చోట్లో ఇంకొకరి వేలు పడనివ్వలేదు. పిచ్చి మామయ్య, అనుకుంది. ఆ క్షణంలో కన్నతండ్రి మీద ఉన్నంత ప్రేమ కలిగింది ఆయన మీద.

అంతలో నక్షత్రం గుర్తొచ్చింది. కొట్టేసిన పేరు, మారని బొమ్మ.

"అత్తయ్యా, ఒక్కసారి ఇలా రండి. ఒక్క నిమిషం. కళ్ళు మూసుకోండి."

"కళ్ళ పరీక్షా?"

"అలాంటిదే."

అత్తగారు గొణుక్కుంటూనే వచ్చి పియానో పక్కన నిలబడి కళ్ళు మూసుకున్నారు. కోడలు కుడి చేత్తో బి, ఎఫ్ రెండూ నొక్కి పట్టుకుంది. ఎడమ చెయ్యి, మామగారు వద్దన్న చోటికి, ఎడమ చివరికి పోయింది. మనసులోనే ఆయనకి క్షమాపణ చెప్పుకుని కింద జీ నొక్కింది.

"ఇది బాగుందా..." మెట్టు వదిలి, అదే చెయ్యి జరిపి, డి ఫ్లాట్ నొక్కింది. పైన రెండు వేళ్ళూ కదల్లేదు. "...ఇది బాగుందా?"

అత్తగారు కళ్ళు తెరిచారు. "పైన ఏం మార్చావు?"

"ఏమీ మార్చలేదు. చూడండి, ఇవే రెండు. కింద జీ పెట్టినా, డి ఫ్లాట్ పెట్టినా ఇవి సరిపోతాయి. పన్నెండు స్వరాలనీ గడియారంలా గుండ్రంగా పేరిస్తే, ఒకటి ఈ చివరుంటే ఇంకోటి సరిగ్గా ఎదురు చివర ఉంది. ఒకదాని బదులు ఇంకోటి పెట్టుకోవచ్చు. తర్వాత రెండూ వెళ్ళేది ఒకచోటికే." రెండు దారుల్లోనూ చివరి కార్డుకి వెళ్ళి చూపించింది. రెండూ ఇంటికే వచ్చాయి.

అత్తగారు చాలాసేపు ఆ రెండు మెట్లనీ చూశారు. "పెద్ద రోడ్డు మీద చెట్టు పడితే బస్సుని వెనక వీధిలోంచి తిప్పేదాన్ని," అన్నారు నెమ్మదిగా. "లోపల కూర్చున్నవాళ్ళు వాళ్ళే. దిగే స్టాపూ అదే."

"అంతే అత్తయ్యా. ఆ రోజు మామయ్య వెనక వీధి పట్టారు. మీరు పెద్ద రోడ్డు మీదే వెళ్ళారు. ఆయన కుడి చేత్తో ఈ మెట్టు కూడా వేసి ఉంటారు, అందుకే కరకరలాడింది. వినండి." జీ పైన ఆ రెండూ, వాటితో పాటు ఎ ఫ్లాట్ కూడా నొక్కింది. గదిలో ఓ ఘాటైన శబ్దం లేచింది. "కారంగా ఉంది కదా. కానీ తప్పు కాదు. మీరు వాయించిందీ సరైనదే, ఆయన వాయించిందీ సరైనదే. నక్షత్రం పెట్టుకున్నారంటే తెలీడం లేదూ, ఆయనకి అది ఎంత నచ్చిందో!"

"అయితే," అన్నారు అత్తగారు. బస్సంతా దద్దరిల్లేలా మాట్లాడే ఆ గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది. "అయితే నేను తప్పు వాయించలేదా?"

"లేదు అత్తయ్యా. ఒక్క స్వరం కూడా."

ఆవిడ పియానో మూత పట్టుకుని నిలబడ్డారు. కళ్ళు తుడుచుకుంటారనుకుంది కోడలు. తుడుచుకున్నారు కూడా, కొంగుతో, ఒక్కసారి. ఆ వెంటనే మొహం ఎర్రబడింది. "రోడ్డు మార్చినప్పుడు డ్రైవరుకి చెప్పొద్దూ? ముప్పై ఒక్కేళ్ళు! ముప్పై ఒక్కేళ్ళు తప్పు చేశాననే తిన్నానే అన్నం! నువ్వు రా నాతో."

స్టోరు గదిలో మూలగా నిలబెట్టిన పొడుగాటి చెక్కపెట్టె ఉంది. పాత బీరువా అని చెప్పారు కోడలికి, ఆమె నమ్మి దానికి ఇస్త్రీ బల్ల ఆనించేది. అత్తగారు ఇస్త్రీ బల్ల పక్కకి నెట్టి, బకెట్లు కాలితో జరిపి, గొళ్ళెం మీద చెయ్యి వేశారు. "తుప్పు పట్టి ఉంటుంది. తీగలు ఈపాటికి తెగి పడుంటాయి. అయినా చూడాలనిపిస్తోంది."

గొళ్ళెం చిన్న చప్పుడు కూడా లేకుండా జారింది. ఆవిడ వేలికి నూనె అంటింది. ఆ వేలి వైపు ఆవిడ, ఆవిడ వైపు కోడలు చూశారు.

పెట్టె తలుపు తీస్తే లోపల బాసు. ఎర్రగా, తళతళలాడుతూ, నిన్ననే తుడిచి పెట్టినట్టు. దుమ్ము కాదు కదా, చిన్న మచ్చ లేదు. అడుగున ఖాళీ తీగల పొట్లాలు, రబ్బరు బ్యాండు వేసి ఓ పెద్ద దొంతర. ఒక్కో పొట్లం మీదా ఒక్కో సంవత్సరం, మామగారి చేతిరాతతోనే. ఆవిడ బస్సు మీద ఉన్నప్పుడు, రిటైరయ్యాక చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, ఆయన ఏడాదికోసారి తీగలు మార్చి, తుడిచి, మూసి పెట్టారు. అడగొద్దంది కనుక అడగలేదు. అంతే తప్ప మానేస్తుందని ఒప్పుకోలేదు.

"అత్తయ్యా, ఇటు చూడండి," అంది కోడలు.

మూడు తీగలు కొత్తవి, మెరుస్తున్నాయి. అన్నిటికంటే లావుపాటి నాలుగోది మాత్రం పాతది, నల్లబడి, సగం వదులు చేసి వేలాడుతోంది. దాని బదులు ఎక్కించాల్సిన కొత్త తీగ పొట్లంలో చుట్ట చుట్టి అలాగే ఉంది. పొట్లం మీద ఈ ఏడాదే. ఏడు నెలల క్రితం, ఈ పని మధ్యలోనే, ఎడమ చెయ్యి మాట వినడం మానేసింది. ఒంటి చేత్తో తీగ బిగించడం ఎవరి తరమూ కాదు.

అత్తగారి కోపం ఎటు పోయిందో తెలీదు. వదులు తీగ మీద అరచెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు, అలాగే ఉండిపోయారు.

వీధి తలుపు తాళం తిరిగింది. కారు పెట్టడానికి చోటు వెతుకుతూ కొడుకు కిందే ఉండిపోయినట్టున్నాడు, చేతికర్ర చప్పుడొక్కటే హాల్లోకి వచ్చింది. "ఏమ్మా, రేపు నాలుగింటికి వినిపించాలని ఉందా లేదా? పియానో నోరు మూసుకుందేం?" అన్నారు మామగారు.

"పో," అన్నారు అత్తగారు కోడలితో, గుసగుసగా. "పోయి ఆ రెండు మెట్లూ నొక్కి పట్టుకో. ఆయనతో ఏమీ అనకు."

కోడలు పరుగున వెళ్ళి, మామగారి మొహం చూడకుండా కూర్చుని, బి, ఎఫ్ నొక్కింది. ఎప్పటిలాగే అవి గాల్లో తేలాయి. ఒక్క క్షణం. అంతే, స్టోరు గదిలోంచి జీ వచ్చింది. లావుగా, కాస్త శ్రుతి తప్పి, నేలలోంచి పాకుతూ వచ్చి ఆ రెంటినీ భుజాల మీదికి ఎత్తుకుంది.

చేతికర్ర కింద పడింది.

మామగారు గోడ పట్టుకుని నిలబడ్డారు. స్టోరు గది గుమ్మంలో అత్తగారు, పక్కన ఆవిడంత ఎత్తు బాసు. ముప్పై ఒక్కేళ్ళ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు ఆ వరసలో చూసుకున్నారు. ముందు అత్తగారే నోరు విప్పారు.

"ఏవండీ, ఇవాళ నేనే అడుగుతున్నా. ఆ రోజు నన్ను చూసి ఎందుకు నవ్వారు?"

మామగారి పెదవులు కదిలాయి. కళ్ళల్లో నీళ్ళున్నా ఆ పెదవుల చివర మాత్రం, సరిగ్గా ఆ పాత నవ్వే కాబోలు, మెల్లిగా మొదలైంది.

"చెప్తాను," అన్నారు. "రేపు నాలుగింటికి, హోటల్లో, నువ్వు దాన్ని పట్టుకుని నా పక్కన నిలబడితే చెప్తాను. లేకపోతే ఇంకో ముప్పై ఒక్కేళ్ళు అడుగుతూ ఉండు."

అత్తగారు ఆయన వైపు చూశారు. తీగల రాపిడికి కాచిన కాయలు పోయి మెత్తబడిపోయిన తన వేళ్ళ కొసల వైపు చూసుకున్నారు. వేలాడుతున్న తీగ వైపు చూశారు.

"అమ్మాయ్," అన్నారు కోడలితో, "ఆ నాలుగో తీగ పొట్లం ఇలా తీసుకురా."

వస్తానని మాత్రం అనలేదు.